పగ తీరిన తర్వాత: రక్తసిక్త ప్రతీకార చిత్రాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

హారర్ చిత్రాలను ఇష్టపడేవారిలో కూడా చాలామంది ప్రతీకార చిత్రాల దగ్గరికి వచ్చేసరికి వెనకడుగు వేస్తారు. దయ్యాలనైతే భరిస్తాం గానీ మనిషిని మనిషి చిత్రవధ చేయడం చూడలేం అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. అయినా ఈ చిత్రాలను ఎంతో ఇష్టంగా, శ్రద్ధగా చూసే అభిమానిగా, నన్ను పదే పదే అడిగే ప్రశ్నలకు నాకు తోచిన సమాధానాలు ఇక్కడ రాస్తున్నాను. చర్చలో కొన్ని చిత్రాల ముగింపులు బయటపడతాయని ముందుగానే మనవి.

మామూలు పగ సినిమాకూ ప్రతీకార హారర్‌కూ తేడా ఏమిటి?

పగ తీర్చుకునే కథలు యాక్షన్ చిత్రాల్లో కోకొల్లలు. నాయకుడి దెబ్బకు శత్రువు ఎగిరి పడతాడు, ప్రేక్షకులు ఈలలు వేస్తారు, ఆ శవం సంగతి అంతటితో అందరూ మరిచిపోతారు. ప్రతీకార హారర్ ఆ శవాన్ని మరిచిపోనివ్వదు. ఒక మనిషిని చంపడానికి ఎంతసేపు పడుతుందో, చచ్చేవాడు ఎలా బతిమాలుకుంటాడో, చంపేవారి చేతులు ఎలా వణుకుతాయో కెమెరా దగ్గర నిలబడి చూపిస్తుంది. అందుకే ఈ కోవకు చెందిన ఏ చిత్రాన్నైనా నేను ఒకే కొలతతో చూస్తాను: పగ తీరిపోయిన తర్వాత ఆ చిత్రం ఏం చేస్తుంది?

జెరెమీ సాల్నియర్ 2013లో తీసిన 'బ్లూ రూయిన్' ఈ కొలతకు చక్కగా సరిపోతుంది. అందులో ప్రతీకారం మొదటి అరగంటలోనే అయిపోతుంది. పాత కారులో బతుకు వెళ్లదీస్తున్న డ్వైట్ అనే మనిషి, తన తల్లిదండ్రుల హత్య కేసులో శిక్ష పడి విడుదలైన వ్యక్తిని ఒక బారులోని మరుగుదొడ్డిలో చంపుతాడు. అతనికి చంపడం చేతకాదు. ఆ పెనుగులాటలో గొప్పతనం ఏమీ కనిపించదు. బయటికి వచ్చి శత్రువుల బండి టైరును కత్తితో పొడవబోయి తన అరచేతినే కోసుకుంటాడు. మిగిలిన చిత్రమంతా ఆ ఒక్క హత్య తెచ్చిపెట్టిన పర్యవసానాలతోనే నడుస్తుంది. యాక్షన్ చిత్రం ఎక్కడ ముగుస్తుందో ఈ చిత్రం సరిగ్గా అక్కడ మొదలవుతుంది.

ఇంత ఘోరాన్ని చూసి ఎవరైనా ఎలా ఆనందించగలరు?

ఇది పాత ప్రశ్నే. నిజంగా ఎదురైతే చూడలేని వాటిని, శవాలతో సహా, ఉన్నదున్నట్టు చిత్రించినప్పుడు మనం ఇష్టంగా చూస్తామని అరిస్టాటిల్ తన 'పొయెటిక్స్'లో గమనించాడు. మన భరతముని ఇంకా ముందుకు వెళ్లాడని నాకు అనిపిస్తుంది. నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో ఆయన శృంగారం, రౌద్రం, వీరం, బీభత్సం అనే నాలుగు రసాలను మూలంగా చెప్పి, తక్కిన నాలుగూ వాటి నుండి పుడతాయన్నాడు. ఆ లెక్కలో రౌద్రం నుండి కరుణ పుడుతుంది, బీభత్సం నుండి భయానకం పుడుతుంది. అంటే అసహ్యాన్నీ ఆగ్రహాన్నీ రంగస్థలం నుండి తరిమేయవలసిన వాటిగా ఆయన చూడలేదు. ఇతర అనుభూతులకు అవి పుట్టిళ్లు.

రౌద్రం నుండి కరుణ అనే ఆ సూత్రం నాకు ప్రతీకార హారర్ అంతటికీ తాళంచెవిలా ఉపయోగపడింది. మంచి ప్రతీకార చిత్రంలో మొదటి సగం మనలో కోపాన్ని రగిలిస్తుంది. ఆ దుర్మార్గుడికి శిక్ష పడి తీరాలని మనం పళ్లు కొరుకుతూ కోరుకుంటాం. రెండో సగం మనం కోరుకున్న దాన్నే, కోరుకున్నంత కంటే ఎక్కువగా, కళ్ల ముందు పెడుతుంది. అప్పుడు కడుపులో తిప్పుతుంది, ఒళ్లు జలదరిస్తుంది, చివరకు చచ్చేవాడి మీద కాకపోయినా చంపేవారి మీద జాలి మొదలవుతుంది. ఈ ప్రయాణం మొత్తం కలిసి ఇచ్చే అనుభవాన్నే నేను ఆనందం అంటున్నాను. ఎవరో బాధపడుతుంటే చూసి సంతోషించడం అందులో భాగం కాదు.

ఇలాంటివి చూస్తూ పోతే మనసు మొద్దుబారిపోదా?

హారర్ అభిమానులను పరిశీలించిన కోల్టన్ స్క్రివ్నర్, మథియాస్ క్లాసెన్ తదితరులు 2021లో ప్రచురించిన అధ్యయనంలో, కోవిడ్ మహమ్మారి కాలంలో ఈ అభిమానులు మిగతావారి కంటే తక్కువ మానసిక వేదనను చెప్పుకున్నారని తేలింది. హారర్ చూడటమే దానికి కారణమని ఆ ఒక్క అధ్యయనంతో రుజువైపోయిందని నేను అనను. కానీ ఈ అభిమానులందరూ చెడిపోయిన మనసుల వాళ్లనే నిందకు మాత్రం అది గట్టి సమాధానం.

నాకు ఇంకా ఆసక్తి కలిగించినది పగ గురించిన మరో పరిశోధన. 2008లో కార్ల్‌స్మిత్, విల్సన్, గిల్బర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక డబ్బు ఆటలో మోసం చేసినవారిని శిక్షించే అవకాశాన్ని కొందరికి ఇచ్చి, కొందరికి ఇవ్వలేదు. శిక్షిస్తే మనసు తేలికపడుతుందని అందరూ అనుకున్నారు. జరిగింది వేరు. శిక్షించినవారే ఆ మోసగాడి గురించి ఎక్కువగా తలపోసుకుంటూ, శిక్షించే అవకాశం దొరకనివారి కంటే దిగులుగా ఉన్నారు. ప్రయోగశాలలో తేలిన ఈ సంగతిని మంచి ప్రతీకార చిత్రాలు దశాబ్దాలుగా చెబుతూనే ఉన్నాయి.

ఈ కథలు ఎక్కడ మొదలయ్యాయి?

సినిమా కంటే ఎంతో ముందు. మహాభారతమే తీసుకోండి. భీముడు దుశ్శాసనుడి రొమ్ము చీల్చి నెత్తురు తాగడం, అశ్వత్థామ అర్ధరాత్రి శిబిరంలో దూరి నిద్రపోతున్నవారిని నరికేయడం ఏ రక్తసిక్త చిత్రానికీ తీసిపోవు. అయితే సౌప్తికపర్వం అయ్యాక వచ్చేది స్త్రీపర్వం. ఆ నెత్తురు తాగిన సంగతిని గాంధారి భీముణ్ణి నిలదీస్తుంది. నెత్తురు తన పెదవులు దాటి లోపలికి పోలేదని అతడు సంజాయిషీ చెప్పుకుంటాడు. శపథం నెరవేర్చుకున్న మహావీరుడు చచ్చినవాడి తల్లి ముందు నిలబడి మాట వెతుక్కోవలసి రావడం, నాకు తెలిసినంతలో, ప్రతీకార సాహిత్యంలోకెల్లా ఉన్నతమైన ఘట్టం.

పాశ్చాత్య నాటకంలో రోమన్ రచయిత సెనెకా, అతని దారిలో షేక్‌స్పియర్ ఈ పని చేశారు. 'టైటస్ ఆండ్రోనికస్'లో శత్రువు కొడుకులను చంపి, వారి మాంసంతో వంటకం చేసి తల్లికే వడ్డిస్తారు. ఇక సినిమాకు వస్తే, ఆధునిక ప్రతీకార హారర్‌కు తల్లివేరు స్వీడన్‌లో ఉంది. ఇంగ్మార్ బెర్గ్‌మన్ ఒక మధ్యయుగపు జానపద గేయం ఆధారంగా 1960లో 'ద వర్జిన్ స్ప్రింగ్' తీశాడు. ఆ చిత్రానికి ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా ఆస్కార్ వచ్చింది. కూతురిపై అత్యాచారం చేసి చంపిన పశువుల కాపరులు, ఎవరి ఇల్లో తెలియక, ఆ పిల్ల తండ్రి ఇంట్లోనే తలదాచుకుంటారు.

సంగతి తెలిసిన తండ్రి వెంటనే కత్తి పట్టుకుని పరిగెత్తడు. ఒంటరిగా గుట్ట మీదున్న ఒక లేత బర్చ్ చెట్టు దగ్గరికి వెళ్లి, దాన్ని కౌగిలించుకుని, ఊపి, తన బరువంతా వేసి నేలకు కూలుస్తాడు. కెమెరా దూరంగా ఉంటుంది. ఆకాశం, చెట్టు, మనిషి తప్ప మరేమీ కనిపించవు. ఆ కొమ్మలు నరికి తెచ్చుకుని, వాటితో ఒళ్లు బాదుకుంటూ స్నానం చేస్తాడు. అప్పటికిగానీ చంపడానికి వెళ్లడు. ఆ తర్వాత హంతకులతో పాటు ఉన్న చిన్న పిల్లవాణ్ణి కూడా గోడకేసి కొట్టి చంపేసి, తన చేతులవంక చూసుకుంటాడు. తెర మీద పెద్దగా నెత్తురు లేకుండానే ఇంతటి హింసను అనుభవంలోకి తెచ్చిన దృశ్యాలు అరుదు.

పన్నెండేళ్ల తర్వాత, 1972లో, వెస్ క్రేవన్ తన మొదటి చిత్రం 'ద లాస్ట్ హౌస్ ఆన్ ద లెఫ్ట్'లో ఇదే కథను అమెరికా నేపథ్యానికి మార్చాడు. బెర్గ్‌మన్ చిత్రంలోని దేవుడు, పాపం, ప్రాయశ్చిత్తం ఇక్కడ లేవు. రంపం ఉంది, నెత్తురు ఉంది, చివర్లో ధ్వంసమైన తమ ఇంట్లోనే దిమ్మెరపోయి మిగిలిన తల్లిదండ్రులు ఉన్నారు.

అత్యాచారాన్ని చూపించి, ఆపై పగ చూపించే చిత్రాలను ఎలా సమర్థిస్తారు?

అన్నింటినీ సమర్థించను. ఈ కోవలో స్త్రీ శరీరాన్ని చూపించడానికి అత్యాచారాన్నీ, దాన్ని కప్పిపుచ్చుకోవడానికి పగనూ వాడుకున్న చిత్రాలు చాలా ఉన్నాయి. వాటిని చూడవలసిన అవసరం ఎవరికీ లేదు. కానీ ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పి తప్పుకోవడం కూడా సరికాదు.

మెయిర్ జార్చి తీసిన 'ఐ స్పిట్ ఆన్ యువర్ గ్రేవ్' 1978లో వేరే పేరుతో వచ్చింది. విమర్శకుడు రోజర్ ఈబర్ట్ 1980లో దానికి ఒక్క నక్షత్రం కూడా ఇవ్వలేదు. ఆయన ఆగ్రహం నాకు అర్థమవుతుంది, ఎందుకంటే ఆ చిత్రంలోని దాడి భరించలేనంత సేపు సాగుతుంది. అయితే, దాడికి గురైన ఒక యువతికి సాయం చేసి పోలీసుల దగ్గరకు తీసుకువెళ్లినప్పుడు అక్కడి అధికారి మొరటుతనం చూసి ఈ కథ రాశానని జార్చి చెప్పాడు. ఆ కోపం చిత్రంలో కనిపిస్తుంది. నేపథ్య సంగీతం లేదు. దాడిని ఎక్కడా కంటికి ఇంపుగా చిత్రించలేదు. తనపై దాడి చేసినవారిలో ఒకణ్ణి స్నానాల తొట్టిలో కోసి వదిలాక కథానాయిక తలుపు బయటి నుండి గడియ వేసి, కిందికి దిగి, గ్రామఫోన్ మీద ఒపెరా రికార్డు పెట్టి, పై నుండి వస్తున్న కేకలు ఆగేదాకా కుర్చీలో ఊగుతూ కూర్చుంటుంది. ఆమె ముఖంలో గెలుపు ఉండదు. అసలు ఏమీ ఉండదు. కారల్ క్లోవర్ అనే పరిశోధకురాలు 1992లో వెలువరించిన తన గ్రంథంలో ఈ చిత్రాన్ని తీవ్రంగా పరిగణించి, పురుష ప్రేక్షకులు కూడా ఇలాంటి చిత్రాల్లో బాధితురాలి పక్షానే నిలబడి చూస్తారని వాదించింది. నా అనుభవం ఆమె వాదనకు దగ్గరగా ఉంది.

ఏబెల్ ఫెరారా 1981లో తీసిన 'మిస్ .45' ఇంకో దారి పట్టింది. న్యూయార్క్‌లో బట్టలు కుట్టే పనిచేసే మూగ యువతి థానా ఒకే రోజు రెండుసార్లు అత్యాచారానికి గురవుతుంది. ఆమె పగ నేరస్థులతో ఆగక, ఎదురుపడిన పురుషులందరి మీదికీ పాకుతుంది. ప్రేక్షకుడి సానుభూతి ఎక్కడ తెగిపోతుందో చిత్రం చెప్పదు. ఎవరికి వారు తేల్చుకోవాలి.

ఇటీవలి కాలంలో ఈ కథను స్త్రీ దర్శకులు చేతిలోకి తీసుకోవడంతో ఎంతో మేలు జరిగింది. కోరలీ ఫార్జా 2017లో తీసిన 'రివెంజ్'లో కెమెరా మొదట కథానాయిక శరీరాన్ని ప్రకటనల్లో చూపినట్టు చూస్తుంది. చివరికి వచ్చేసరికి ఒంటి మీద నూలుపోగు లేకుండా, పొట్టకు ప్లాస్టిక్ చుట్టుకుని, నెత్తురుతో జారిపోతున్న నేల మీద పరిగెత్తేది పురుషుడు. ఎవరిని ఎవరు చూస్తున్నారన్న ప్రశ్నకు ఇంత సూటి జవాబు నేను మరెక్కడా చూడలేదు. జెన్నిఫర్ కెంట్ తీసిన 'ద నైటింగేల్' 2018లో వెనిస్ చిత్రోత్సవంలో ప్రత్యేక జ్యూరీ బహుమతి పొందింది. 1825 నాటి టాస్మానియాలో, తన కుటుంబాన్ని నాశనం చేసిన సైనికులను వెంటాడే ఐరిష్ ఖైదీ క్లేర్ కథ అది. దాడి సమయంలో కెమెరా ఆమె ముఖం వదిలి కదలదు. మొదటి శత్రువును ఆమె పొడిచి, తుపాకీ మడమతో చితక్కొట్టి చంపాక, ప్రేక్షకుడు ఎదురుచూసిన ధైర్యం పెరగడానికి బదులు సన్నగిల్లుతుంది. పీడకలలు మొదలవుతాయి. తర్వాతి శత్రువు తుపాకీకి ఎదురుగా దొరికినా ఆమె కాల్చలేకపోతుంది. ఆ తడబాటులోని నిజాయతీకి నేను చేతులెత్తి మొక్కుతాను.

కొరియా చిత్రాలను అంతగా మెచ్చుకోవడానికి కారణం ఏమిటి?

అక్కడి దర్శకులు ప్రతీకారాన్ని ఒక ఉపద్రవంగా కాక ఒక పనిగా చూస్తారు: దానికి ప్రణాళిక కావాలి, పనిముట్లు కావాలి, అయ్యాక శుభ్రం చేయాలి. పార్క్ చాన్-ఊక్ ప్రతీకారం మీద తీసిన మూడు చిత్రాలు 2002, 2003, 2005 సంవత్సరాల్లో వచ్చాయి. వాటిలో రెండోదైన 'ఓల్డ్‌బాయ్' 2004లో కాన్ చిత్రోత్సవంలో గ్రాండ్ ప్రీ గెలుచుకుంది. పదిహేనేళ్లు కారణం తెలియకుండా ఒక గదిలో బందీగా ఉన్న మనిషి సుత్తి పట్టుకుని వసారాలో గుంపుతో తలపడే పోరాటం కోత లేకుండా ఒకే షాట్‌లో సాగుతుంది. అందులో నన్ను ఆకట్టుకునేది అలసట. నాయకుడు మధ్యమధ్యలో ఆగిపోయి రొప్పుతాడు, కింద పడతాడు, వీపులో కత్తితోనే మళ్లీ లేస్తాడు.

నాకు మాత్రం మూడోదైన 'లేడీ వెంజెన్స్' అంటే ఎక్కువ ఇష్టం. పిల్లలను ఎత్తుకెళ్లి చంపిన వాణ్ణి పట్టుకున్న గుమ్‌జా, చచ్చిపోయిన పిల్లల తల్లిదండ్రులను ఒక పాడుబడ్డ బడిలోకి పిలిపిస్తుంది. పోలీసులకు అప్పగించడమా, తామే శిక్షించడమా అని వారు సమావేశమై మాట్లాడుకుంటారు. ఆపై నెత్తురు పడకుండా ప్లాస్టిక్ వానకోట్లు తొడుక్కుని, ఆసుపత్రిలో వంతు కోసం చూసేవారిలా వసారాలో వరసగా కూర్చుంటారు. లోపలి నుండి వినిపించే అరుపులు వారికీ వినిపిస్తాయి, మనకూ వినిపిస్తాయి. హత్యలో తెర మీద చూపించేది చాలా తక్కువ. అంతా అయ్యాక కలిసి ఒక ఫోటో దిగుతారు, కేకు తింటారు, పిల్లలను విడిపించుకోవడానికి కట్టిన డబ్బు తిరిగి వస్తుందేమోనని బ్యాంకు ఖాతా నంబర్లు రాసిస్తారు. బిడ్డను పోగొట్టుకున్న వారి శోకం ఇంత మామూలు పనుల మధ్య నుండి తొంగి చూడటం నన్ను ప్రతిసారీ కుదిపేస్తుంది.

కిమ్ జీ-ఊన్ 2010లో తీసిన 'ఐ సా ద డెవిల్' వీటన్నింటికంటే క్రూరమైనది. అక్కడి వర్గీకరణ మండలి రెండుసార్లు అభ్యంతరం చెప్పాక కొన్ని కోతలతో విడుదలైంది. కాబోయే భార్యను చంపిన హంతకుడికి ఒక రహస్య ఏజెంట్ జాడ తెలిపే పరికరాన్ని మింగించి, పట్టుకోవడం, చితక్కొట్టడం, వదిలేయడం ఒక వేటలా సాగిస్తాడు. అతను వదిలేసిన ప్రతిసారీ ఇంకెవరో బలవుతారు. చివరి షాట్‌లో పగ సంపూర్ణంగా తీరిపోయింది, ఏజెంట్ రోడ్డు మీద నడుస్తూ వెక్కివెక్కి ఏడుస్తుంటాడు.

తెర మీద నెత్తురు ఎలా తయారవుతుంది?

నలుపు తెలుపు చిత్రాల కాలంలో చాక్లెట్ సిరప్ సరిపోయేది. రంగుల చిత్రాలు వచ్చాక నెత్తురు రంగుడబ్బా నుండి వచ్చినట్టు కనిపించడం మొదలైంది. మేకప్ నిపుణుడు డిక్ స్మిత్ మొక్కజొన్న సిరప్‌లో ఆహారపు రంగులు కలిపి చేసిన మిశ్రమం నిజమైన నెత్తురులా చిక్కగా, ముదురుగా ఉండటంతో పరిశ్రమ అంతా దాన్ని అనుసరించింది.

వియత్నాం యుద్ధంలో ఫోటోగ్రాఫర్‌గా పనిచేసి, నిజమైన గాయాలను కళ్లారా చూసిన టామ్ సావిని ఈ కళను మరో మెట్టు ఎక్కించాడు. 1980లో వచ్చిన 'ఫ్రైడే ద 13త్' నిజానికి కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి పగ. అందులో మంచం మీద పడుకున్న కుర్రాడి గొంతులోంచి బాణం పొడుచుకుని వస్తుంది. నటుడు కెవిన్ బేకన్ మంచం కింద కూర్చుని తల మాత్రం పైకి పెట్టాడు. మెడ, ఛాతీ కృత్రిమమైనవి. నెత్తురు పంపే గొట్టం షాట్ మధ్యలో ఊడిపోతే సహాయకుడు దాన్ని నోటితో ఊదాడు. ఇలాంటి చేతిపని చూసినప్పుడు భయంతో పాటు గౌరవం కూడా కలుగుతుంది. కంప్యూటర్‌లో చిమ్మించిన నెత్తురుకు ఆ బరువు రాదన్నది నా గట్టి అభిప్రాయం.

శబ్దం పాత్ర కూడా తక్కువేమీ కాదు. ఎముక విరిగిన చప్పుడుకు సెలెరీ అనే ఆకుకూర కాడలు విరుస్తారు. గాస్పర్ నోయె 2002లో తీసిన 'ఇర్రివర్సిబుల్' మొదటి భాగంలో మనిషి చెవికి అందీ అందనంత లోతైన ధ్వనిని కలిపారు. ప్రేక్షకుడికి కారణం తెలియకుండానే అసౌకర్యం మొదలవుతుంది. కథ ముగింపు నుండి మొదటికి నడిచే ఆ చిత్రంలో పగ మొదట్లోనే వస్తుంది, దెబ్బలు తిని చచ్చినవాడు అసలు నేరస్థుడు కాదు.

ఈ చిత్రాలను నిషేధించారా?

చాలా చోట్ల. బ్రిటన్‌లో 1980ల తొలినాళ్లలో వీడియో క్యాసెట్ల మీద పెద్ద గగ్గోలు లేచి, ప్రాసిక్యూషన్‌కు అర్హమైన చిత్రాల జాబితా తయారైంది. 'ద లాస్ట్ హౌస్ ఆన్ ద లెఫ్ట్', 'ఐ స్పిట్ ఆన్ యువర్ గ్రేవ్' రెండూ అందులో ఉన్నాయి. 1984లో వీడియో రికార్డింగ్స్ చట్టం వచ్చింది. క్రేవన్ చిత్రానికి అక్కడ కోతల్లేకుండా అనుమతి దొరికింది 2008లో.

మీరు గీసుకున్న గీత ఏదైనా ఉందా?

ఉంది. నిజమైన ప్రాణికి నిజంగా హాని చేసిన దృశ్యాన్ని నేను కళగా ఒప్పుకోను. 1980లో వచ్చిన 'కానిబల్ హోలోకాస్ట్'లో జంతువులను నిజంగానే చంపారు. ఆ చిత్రానికి చరిత్రలో ఎంత స్థానం ఉన్నా ఆ భాగాలను సమర్థించలేను. ఈ చిత్రాల్లోని ఘోరమంతా నటుల, మేకప్ నిపుణుల, శబ్దకారుల నైపుణ్యంతో కల్పించినది అన్న నమ్మకం మీదే నా ఇష్టం నిలబడి ఉంది.

కొత్తగా చూసేవారు ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందుగా 'ద వర్జిన్ స్ప్రింగ్', తర్వాత 'బ్లూ రూయిన్', ఆ తర్వాత 'లేడీ వెంజెన్స్'. ఈ మూడూ నచ్చితే 'రివెంజ్'కు వెళ్లండి. అందులో ఒకడు తన అరికాల్లో దిగబడిన గాజుపెంకును వేళ్లతో తీసుకునే దృశ్యాన్ని తట్టుకోగలిగితే, తర్వాత ఏది చూడాలో మీకే తెలుస్తుంది. 'ఐ సా ద డెవిల్', 'ద నైటింగేల్', 'ఇర్రివర్సిబుల్' చిత్రాలను మొదట్లోనే చూడవద్దు. లైంగిక హింసను జీవితంలో ఎదుర్కొన్నవారు కథా సారాంశాన్ని ముందే చదివి నిర్ణయించుకోవడం మంచిది. కథ ముందే తెలిస్తే అనుభవం పోతుందన్న మాట ఈ చిత్రాలకు వర్తించదు. భరించలేకపోతే మధ్యలో ఆపేయండి. చివరిదాకా చూడటం ధైర్యపరీక్ష కాదు, ఆపేసినవారిని ఎగతాళి చేసే అభిమానులను పట్టించుకోవద్దు. పిల్లలకు మాత్రం ఇవి ఏ కారణం మీదా చూపించకూడదు.

రీమేక్‌లు చూడవచ్చా?

చూడవచ్చు, పోల్చి చూడటానికి. 'ఐ స్పిట్ ఆన్ యువర్ గ్రేవ్' 2010 రూపంలో నటన, ఛాయాగ్రహణం మూలం కంటే మెరుగు. కానీ శిక్షలు మరీ తెలివైన యంత్రాల్లా తయారై, కథానాయిక మనిషిగా కనుమరుగవుతుంది. 'ద లాస్ట్ హౌస్ ఆన్ ద లెఫ్ట్' 2009 రూపం పట్టుగా నడిచి, ఉత్కంఠలో మూలాన్ని మించుతుంది. అయితే పగ తీరిపోయి, కుటుంబం బయటపడ్డాక, కదలలేకుండా పడి ఉన్న దుర్మార్గుడి తలను తండ్రి మైక్రోవేవ్‌లో పెట్టే ఘట్టం ఒకటి అతికించారు. ప్రేక్షకుల చేత చప్పట్లు కొట్టించడానికి తప్ప దానికి వేరే పని లేదు. 1972 చిత్రంలో అదే తండ్రి, నెత్తుటి రంపం చేతి నుండి జారిపోయాక, భార్య పక్కన మాటా పలుకూ లేకుండా మిగిలిపోతాడు. ఆ రెండు ముగింపులనూ వెంట వెంటనే చూడమని నేను అందరికీ చెబుతుంటాను.